మొదటి వారం కలెక్షన్లు చూసి ఆట ఎంచకండి

హైదరాబాద్‌లో కంప్యూటర్ గేములు తయారుచేస్తున్న స్టూడియోల యజమానులకు, ప్రొడ్యూసర్లకు, తర్వాతి ఆట ఏదై ఉండాలో తేల్చే పెద్దలందరికీ నమస్కారం.

ఇన్నేళ్లూ విదేశీ కంపెనీల ఆటలకు బొమ్మలు గీసి, యానిమేషన్ చేసి, తప్పులు వెతికిపెట్టిన ఊరు మనది. ఇప్పుడు మీలో చాలామంది సొంత ఆటలు చేద్దామని ముందుకొస్తున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం లేచొస్తుంది. అయితే ఆ సొంత ఆట ఏమిటని అడిగితే వచ్చే జవాబు దగ్గరే నా బెంగంతా. కంప్యూటర్ గేములను ఇంటర్నెట్‌లో అమ్మే స్టీమ్ అనే దుకాణం అమ్మకాల జాబితా తీస్తారు. పైన తుపాకుల ఆట ఉంటే మనమూ తుపాకులే అంటారు. వందమంది ఒక దీవిలో దిగి ఒకరినొకరు కాల్చుకునే ఆట ఉంటే అదే చేద్దామంటారు. 2024 ఆగస్టులో చైనా నుంచి, అక్కడి పురాణకథలోని కోతి వీరుడి మీద చేసిన బ్లాక్ మిత్: వుకాంగ్ అనే ఆట వచ్చి మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడైంది. ఇక అప్పట్నుంచి ఎవర్ని కదిపినా పురాణాల ఆటే.

జాబితా చూడొద్దని నేను అనడం లేదు. చాలా ఏళ్లుగా ఆ జాబితాలను ఇష్టంగా చదువుతున్నవాణ్ణి. ఏ విమర్శకుడికీ తెలియని సంగతులు అందులో ఉంటాయి, ఎందుకంటే అక్కడ మాట్లాడేది జేబులోంచి డబ్బు తీసి కొన్నవాళ్లు. నా విన్నపం ఒక్కటే. పైన ఏముందో చూసి ఆగిపోకండి. ఎన్నాళ్లుందో చూడండి, ఎవరు కొన్నారో చూడండి, అసలు ఆ లెక్కలోకి రానివాళ్లు ఎవరో కూడా చూడండి.

మన సినిమావాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. మొదటి రోజు కలెక్షన్లు హీరో పేరుకూ, పోస్టర్లకూ, బెనిఫిట్ షోలకూ వస్తాయి. రెండో వారం నుంచి వచ్చేది మాత్రం సినిమాకే. పక్కింటావిడ చెబితే వెళ్లినవాళ్లు, పిల్లలను తీసుకుని మళ్లీ వెళ్లినవాళ్లు కలిస్తేనే వంద రోజులు ఆడేది. ఆటల జాబితాలోనూ అంతే.

ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. 1990ల చివర్లో అమెరికాలో పీసీ డేటా అనే సంస్థ ఉండేది. దుకాణాల బిల్లింగ్ కౌంటర్ల దగ్గర నమోదైన అమ్మకాలను పోగుచేసి ఏ సాఫ్ట్‌వేర్ ఎన్ని కాపీలు పోయిందో లెక్కకట్టేది. ఆ కాలపు గేమ్ పత్రికలు తెరిస్తే డూమ్, క్వేక్ అనే తుపాకుల ఆటలు, వాటి దారిలో వచ్చిన ఆటలు. కవర్ మీద తుపాకీ, లోపల పది పేజీల సమీక్ష. అమ్మకాల లెక్క తెరిస్తే కనిపించే లోకం వేరు.

1996లో బార్బీ బొమ్మల కంపెనీ మ్యాటెల్, బార్బీ ఫ్యాషన్ డిజైనర్ అనే సీడీ తెచ్చింది. ఆ ఆటలో శత్రువు లేడు, పాయింట్లు లేవు. కంప్యూటర్‌లో బొమ్మకు బట్టలు డిజైన్ చెయ్యాలి. డబ్బాలోనే ప్రింటర్‌లో పెట్టుకునే బట్ట ముక్కలు ఇచ్చేవారు. ఇంట్లో ఉన్న ఇంక్‌జెట్ ప్రింటర్ మీద డిజైన్ ప్రింట్ తీసి, కత్తిరించి, అతికిస్తే నిజం బార్బీ బొమ్మకు తొడిగే గౌను తయారు. మొదటి రెండు నెలల్లో 5 లక్షలకు పైగా కాపీలు పోయాయి. ఆడపిల్లలు కంప్యూటర్ గేములు కొనరని అప్పటిదాకా రంగమంతా నమ్మింది. నిజానికి వాళ్లకు కొనదగ్గదేదీ అప్పటిదాకా షెల్ఫులో లేదు. ఈ సంగతిని మీరు కాస్త ఆగి ఆలోచించాలని నా కోరిక. జాబితా ఎప్పుడూ ఉన్న సరుకులోంచి ఏది పోయిందో చెబుతుంది. లేని సరుకు ఉంటే ఎంతమంది కొనేవాళ్లో చెప్పలేదు. ఆడపిల్లల ఇష్టం 1995 జాబితాలో లేదు. 1996లో పుట్టుకొచ్చిందా? లేదు, అది ముందునుంచీ ఉంది. కనిపించే వీలే లేదు.

మరుసటి ఏడాది డీర్ హంటర్ వచ్చింది. అమెరికాలోని వాల్‌మార్ట్ దుకాణాల కోసం సరుకు ఎంచి కొనే ఉద్యోగి ఒకరికి, జింకల వేట ఆట ఉంటే బాగుంటుందని వచ్చిన ఆలోచనతో అది మొదలైంది. చిన్న బృందం, కొద్ది నెలల పని, ధర 20 డాలర్ల లోపే. అడవిలో పొంచి కూర్చుని జింక కోసం ఎదురుచూడటమే ఆటలో చాలా భాగం. పత్రికలు దాన్ని తీసిపారేశాయి. 1998 మొదట్లో అమ్మకాల పట్టికలో పైన కూర్చుంది. కొన్నది ఎవరు? గేమ్ పత్రిక ముఖం ఎన్నడూ చూడని పల్లెటూరి అమెరికన్లు, సరుకులకని వాల్‌మార్ట్‌కు వెళ్లి షెల్ఫు మీద తమ జీవితంలోని పనిని ఆటగా చూసినవాళ్లు. వేట నాకు నచ్చదు. అయినా ఆ అమ్మకం నేర్పే పాఠం మాత్రం వదులుకోలేను.

ఇక నిలబడ్డ ఆటల సంగతి. వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ దగ్గర రాండ్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు 1993లో చేసిన మిస్ట్‌లో చావు లేదు, గడియారం లేదు, ఎవరూ తరమరు. ఒక ఖాళీ దీవిలో నడుస్తూ, మీటలు తిప్పుతూ, పుస్తకాలు చదువుతూ ఏం జరిగిందో తెలుసుకోవాలి. ఆటలంటే చేతివేగం అనుకునేవాళ్లకు అది ఫొటోల ఆల్బంలా అనిపించింది. కానీ ఏడాది తర్వాత ఏడాది అమ్ముడవుతూనే పోయి, 60 లక్షల కాపీలు దాటి, దశాబ్దం దగ్గరపడేదాకా అత్యధికంగా అమ్ముడైన పీసీ గేమ్‌గా నిలిచింది. 1999లో అమెరికాలో కాపీల లెక్కన మొదటి స్థానం రోలర్‌కోస్టర్ టైకూన్‌ది. స్కాట్లండ్‌కు చెందిన క్రిస్ సాయర్ దాని ప్రోగ్రామ్ దాదాపు మొత్తం ఒక్కడే, అదీ యంత్రానికి బాగా దగ్గరగా ఉండి రాయడానికి కష్టమైన అసెంబ్లీ భాషలో రాశాడు. బొమ్మలకొకరు, సంగీతానికొకరు తోడు. ఎగ్జిబిషన్ మైదానం కట్టి, టికెట్ ధర పెట్టి, జనం సంతోషంగా ఉన్నారో లేదో కనిపెట్టుకోవడం ఆట. క్వేక్ 3, అన్‌రియల్ టోర్నమెంట్ అనే పేరున్న తుపాకుల ఆటలు వచ్చిన ఏడాదే ఇది.

ద సిమ్స్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, అయినా ఒక్క సంగతి గుర్తుచేస్తాను. 1991లో అమెరికాలోని ఓక్లండ్ కొండల్లో అంటుకున్న మంటల్లో ఆ ఆట సృష్టికర్త విల్ రైట్ ఇల్లు కాలిపోయింది. కొత్తగా సంసారం పెట్టుకోవడానికి ఏయే వస్తువులు కావాలి, ముందు ఏది కొనాలి అని ఆలోచిస్తూ ఆయన పట్టుకున్న ఊహ అది. బొమ్మరిల్లు లాంటి ఆట అని చెప్పి జనానికి చూపించి అభిప్రాయం అడిగితే పెదవి విరిచారు. కంపెనీ లోపల కూడా కొందరు అది మరుగుదొడ్డి కడిగే ఆట అన్నారు. 2000 ఫిబ్రవరిలో విడుదలైంది. 2000, 2001 రెండేళ్లూ అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన పీసీ ఆట అదే. 2002 మార్చి నాటికి 63 లక్షల కాపీలతో మిస్ట్‌ను దాటింది. ఆడినవాళ్లలో సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్లు. వంట చెయ్యడం, బిల్లు కట్టడం, పొరుగువాళ్లతో మాట్లాడటం, సోఫా ఎక్కడ వెయ్యాలో చూసుకోవడం. ఇవి ఆటకు పనికిరావని తేల్చిన అభిప్రాయ సేకరణ ఒకవైపు, 63 లక్షల బిల్లులు ఒకవైపు.

విమర్శకుల అభిరుచి తప్పని దీని అర్థం కాదు. అదే కాలంలో వచ్చిన గ్రిమ్ ఫాండాంగో, సిస్టమ్ షాక్ 2 గొప్ప ఆటలు. కౌంటర్ దగ్గర తక్కువ పోయాయి, మనసుల్లో మిగిలాయి. ఆట గొప్పతనాన్ని అమ్మకం తూచలేదు. ఇక్కడ నేను మాట్లాడుతున్నది కొనేవాళ్ల ఇష్టాల గురించి మాత్రమే.

ఇప్పటి జాబితాల్లో ఇంకో చిక్కుంది. పీసీ డేటా కాపీలు లెక్కపెట్టేది. స్టీమ్ టాప్ సెల్లర్స్ వరస ఆదాయాన్ని బట్టి. 4,000 రూపాయల ఆటను లక్ష మంది కొంటే 40 కోట్లు. 400 రూపాయల ఆటను 9 లక్షల మంది కొంటే 36 కోట్లు. పట్టికలో లక్ష మంది పైన ఉంటారు, 9 లక్షల మంది కింద ఉంటారు. ఉచితంగా ఇచ్చి లోపల తుపాకుల రంగులమ్మే ఆట వారాల తరబడి పైనుంటే, అది ఎంతమందికి నచ్చిందో ఆ పట్టిక చెప్పదు, ఎంత డబ్బు వచ్చిందో చెబుతుంది. డబ్బు ధారగా వచ్చినంత మాత్రాన జనం ఇష్టపడినట్టేనని అనుకుంటే ఏమవుతుందో మన రెండు రాష్ట్రాల్లో రమ్మీ యాప్‌లు చూపించాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపడానికి పార్లమెంటే చట్టం తెచ్చింది. అక్కడ చేరిన డబ్బులో అభిరుచి ఎంత, అప్పు ఎంత, ఏడుపు ఎంత అని ఏ ఆదాయం పట్టికా విడదీసి చెప్పలేదు.

మరి మన తెలుగువాళ్ల ఇష్టాలు ఏ జాబితాలో ఉన్నాయి? ఎక్కడా లేవు. ఈ మాట నేను చూసిన దాన్ని బట్టి చెబుతున్నాను.

2000 తర్వాత కొన్నేళ్లు నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్లు అసెంబుల్ చేసి ఇళ్లకు పట్టుకెళ్లి బిగించే షాపులో పనిచేశాను. మానిటర్ పెట్టి, వైర్లు కలిపి, విండోస్ ఎక్కించాక ప్రతి ఇంట్లోనూ వచ్చే మాట ఒకటే: "గేమ్స్ కూడా వేసెళ్లు బాబూ." మగపిల్లలు రోడ్ రాష్, వైస్ సిటీ అడిగేవాళ్లు. అది మీకు తెలిసిందే. మిగతావాళ్లు అడిగింది మీకు తెలియాలి. పిల్లలు బడికి వెళ్లాక తల్లులు సాలిటేర్ ముందు కూర్చునేవాళ్లు. బ్యాంకుల్లో, మండలాఫీసుల్లో, ఎల్ఐసీ బ్రాంచీల్లో మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆకుపచ్చ తెర మీద పేకముక్కలు పడని కంప్యూటర్ నాకు కనిపించలేదు. 1990లో విండోస్ 3.0తో వచ్చిన ఆట అది. విడిగా ఎవరూ కొనక్కర్లేదు కాబట్టి ఏ అమ్మకాల పట్టికలోకీ ఎక్కలేదు.

లాలాగూడ దగ్గర ఒక పెద్దాయన ఇంట్లో బిగించిన కంప్యూటర్ మాత్రం నేను మరచిపోలేను. రైల్వేలో డ్రైవరుగా రిటైరయ్యారు. కొడుకు అమెరికా నుంచి ఫోన్‌లో చెప్పాడట, మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ అని ఒక ఆట ఉందని. వేసిచ్చాను. మోంటానా కొండల్లో గూడ్సు బండి. కుర్చీ ముందుకు లాక్కుని, కళ్లజోడు సర్దుకుని, "బ్రేక్ ప్రెషర్ ఎక్కడ చూపిస్తుంది?" అన్నారు. చూపించాను. మౌస్ పట్టుకోవడం రాని మనిషి, వాలులో బండిని ఎక్కడ ఎంత పట్టుకోవాలో చూపించడం మొదలుపెట్టారు. వంటింట్లోంచి ఆవిడ, "ముప్పయ్యేళ్లు నడిపింది చాలలేదా, ఇంట్లో కూడా రైలేనా?" అని కేకేశారు. ఆయన వినిపించుకోలేదు. కాసేపయ్యాక లైన్ల జాబితా మొత్తం కిందిదాకా చూసి, అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రియా, జపాన్, అన్నీ అయ్యాక అడిగారు: "ఇందులో మన కాజీపేట లైన్ లేదా బాబూ?"

ఆ ఆట 50 రూపాయల నకలు సీడీ. అప్పట్లో మన మార్కెట్లో దొరికేవి అవే, డబ్బాలో వచ్చే అసలు సీడీ ధర ఒక గుమాస్తా జీతంలో పెద్ద ముక్క. కాబట్టి ఆ పెద్దాయన ఏ సంస్థ లెక్కలోనూ లేరు. ఆ రోజుల్లో మన ఇళ్లలో జరిగిన ఆటంతా అంతే. తర్వాత ఫోన్లు వచ్చాయి. చెన్నైకి చెందిన హైబ్రో ఇంటరాక్టివ్ అనే సంస్థ ఇండియన్ ట్రైన్ సిమ్యులేటర్ చేస్తే దాన్ని కోటికి పైగా డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఆ పెద్దాయన అడిగినదే అందరూ అడిగారు, అడిగిన చాలా ఏళ్లకు ఒకరు విన్నారు.

ఇంకో రుజువు మీ ఆఫీసుల పక్కనే ఉంది. బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా అనే ఆట ఉంది. మలేయో అనే ఇండోనేషియా సంస్థ 2017లో తెచ్చింది. అందులో బస్సుకు మనకు నచ్చిన రంగు వేసుకునే వీలుంది. మన కుర్రాళ్లు దానికి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్, సూపర్ లగ్జరీ రంగులు గీసి, బోర్డు మీద ఊరి పేరు తెలుగులో రాసి, ఒకరికొకరు పంచుకుంటారు. అంత ఓపికగా గీసిన రంగు బస్సుతో వాళ్లు నడిపేది జావా దీవి రోడ్ల మీద! మన ఘాట్ రోడ్డు, మన బస్టాండులో అనౌన్స్‌మెంటు, టీ కోసం ఆపే దాబా, ఏదీ అందులో లేదు. పైసా ఆశించకుండా గంటల తరబడి కూర్చుని వాళ్లు చేస్తున్న పనికంటే స్పష్టమైన మార్కెట్ సర్వే మీకు ఎవరు చేసిపెడతారు?

వ్యవసాయం ఆటగా ఎవరికి కావాలి అని ఒకప్పుడు యూరప్‌లోనూ అన్నారు. స్విట్జర్లండ్‌కు చెందిన జెయింట్స్ సాఫ్ట్‌వేర్ 2008లో ఫార్మింగ్ సిమ్యులేటర్ మొదలుపెట్టింది. దున్నడం, విత్తడం, కోయడం, ధాన్యం అమ్మి అప్పు తీర్చడం, ఇంకో ట్రాక్టరు కొనడం. జర్మనీలో ఆ ఆట అమ్మకాల పట్టికల్లో పాతుకుపోయింది. 2021లో వచ్చిన భాగం మొదటి వారంలోనే 15 లక్షల కాపీలు పోయింది. అయితే నేను చెప్పదలిచింది ఆ మొదటి వారం గురించి కాదు, దాని వెనకున్న పదమూడేళ్ల గురించి. 2024లో వచ్చిన భాగంలో వరి కూడా పెట్టారు. మడికి నీళ్లు పెట్టాలి, యంత్రంతో నాట్లు వెయ్యాలి, గేదెలను మేపాలి. అయితే ఆ పొలం తూర్పు ఆసియాలోది. గోదావరి డెల్టాలో కాల్వల కింద దాళ్వా వరి, వరంగల్ పత్తి, గుంటూరు మిర్చి కల్లం, నిజామాబాద్ పసుపు తెలిసిన మనుషులు మీ స్టూడియోల్లోనే కోడ్ రాస్తున్నారు. సంక్రాంతికి ఊరెళ్లి అదే పొలం గట్టు మీద నిలబడి వస్తున్నారు. సోమవారం ఆఫీసుకొచ్చి ఎవరి ఆటకో గ్రహాంతర తుపాకీ గీస్తున్నారు.

వుకాంగ్ విషయంలోనూ తొందరపడి తప్పు పాఠం తీసుకోవద్దని వేడుకుంటున్నాను. పురాణం కాబట్టే అమ్ముడైందనుకుంటే పొరపాటు. ఆ కోతి కథ చైనాలో తరతరాలుగా పుస్తకంగా, నాటకంగా, టీవీ సీరియల్‌గా ప్రతి ఇంట్లో ఉంది. స్టీమ్‌లో చైనీసు భాష వాడే కొనుగోలుదారులు అప్పటికే కోట్లలో ఉన్నారు, తమ భాషలో తమవాళ్లు చేసిన పెద్ద ఆట కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు. ఆట వాళ్ల దగ్గరకు వాళ్ల మాటలో వెళ్లింది. మనం రాముణ్ణో భీముణ్ణో పెట్టి, కత్తియుద్ధం అదే పెట్టి, మాటలు ఇంగ్లీషులో పెడితే అది వుకాంగ్ దారి కానే కాదు. పైనున్నదాన్ని పట్టుకుని పరిగెత్తితే ఏమవుతుందో అదే నెలలో సోనీ చూసింది. జనం ఇప్పటికే ఆడుతున్న రకం తుపాకుల ఆటనే కాంకర్డ్ పేరుతో ఏళ్ల తరబడి తయారుచేసి విడుదల చేసి, రెండు వారాలకే ఆపేసి, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కిచ్చింది. అంత పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుంది. మీలో ఎవరైనా తట్టుకోగలరా? ఆ దెబ్బకు మూతపడే స్టూడియోలో పనిచేసే పిల్లల ముఖాలు నాకు కళ్లముందు కనిపిస్తున్నాయి, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

డబ్బు లేదని అంటారేమో. అమెరికాకు చెందిన ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒంటరిగా కూర్చుని, బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ తనే చేసి 2016లో స్టార్‌డ్యూ వ్యాలీ తెచ్చాడు. తాత వదిలిపోయిన పొలానికి మనవడు తిరిగొచ్చి మళ్లీ సాగుచేసే ఆట. 2024 చివరికి 4 కోట్ల 10 లక్షల కాపీలు. అందరికీ అలా జరగదు, నాకు తెలుసు. కానీ ఎనిమిదేళ్లపాటు ఆగకుండా కొంటున్న ఆ జనం ఎవరో, వాళ్లకు ఏం కావాలో ఒక్కసారి మీ బోర్డు గదిలో చర్చకు పెట్టమంటున్నాను.

నేను అడుగుతున్న పనులు పెద్దవి కావు. తర్వాతి ఆట మీద మాట్లాడుకునే రోజు, ఈ వారం టాప్ టెన్ పక్కన అయిదేళ్ల కింద విడుదలై ఇప్పటికీ అమ్ముడవుతున్న పది ఆటల పేర్లు రాసిపెట్టండి. ఆ రెండో వరసలో పొలాలు, లారీలు, ఇళ్లు, ఊళ్లు కట్టే ఆటలు ఎన్నున్నాయో మీరే చూస్తారు. మీ ఆట అమ్మకాలు మొదటి నెల ఎంత, పన్నెండో నెల ఎంత, ఏ రాష్ట్రంలో ఎంత, తెలుగు అక్షరాలు పెట్టాక మారిందా లేదా అన్న లెక్కలను కొన్నవాళ్ల వివరాలు లేకుండా మీలో మీరైనా పంచుకోండి. అది లేనంతకాలం మన కొనుగోలుదారు ఇంగ్లీషు ఖాతాలో కలిసిపోయి ఎవరికీ కనిపించడు. ఆట సగం తయారయ్యాక పరీక్షించడానికి ఎప్పుడూ ఆ ఇరవై ఏళ్ల అబ్బాయిలనే పిలవకండి. మీ ఆఫీసు క్యాంటీన్ నడిపే అక్కను, సెక్యూరిటీ దగ్గర కూర్చునే పెద్దాయనను, మీ అమ్మగారిని పిలవండి. వాళ్లు ఏ బటన్ దగ్గర ఆగిపోయారో చూడండి, మళ్లీ ఆడతానని ఎవరు అడిగారో రాసుకోండి.

ఈ విషయమై మీలో ఎవరైనా ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడదామంటే వస్తాను. ఇళ్లలో కంప్యూటర్లు బిగించిన నాలాంటివాళ్లు, ఇంటర్నెట్ సెంటర్లు నడిపినవాళ్లు సికింద్రాబాద్‌లో ఇంకా ఉన్నారు. ఏ ఇంట్లో ఎవరు ఏ ఆట అడిగారో వాళ్లకు గుర్తుంది. వాళ్లను కూడా పిలుచుకొస్తాను.

ఇట్లు,
ఒకప్పటి కంప్యూటర్ షాపు మెకానిక్,
సికింద్రాబాద్